అగ్రిమెంట్‌లో లేని మనిషి

రెండు రోజులని వచ్చాడు. రెండు నోటిఫికేషన్లు గడిచిపోయాయి. ఇంకా ఉన్నాడు. కిరాయి కాగితంలో పేరు లేని రూమ్మేట్‌ను గొడవ లేకుండా, కేసు మన మెడకు చుట్టుకోకుండా పంపించేదెలా?

"అన్నా, మనోడే. ఎగ్జామ్ ఉన్నదట. రెండ్రోజులు నీ రూంల ఉంటడు, రాసి వచ్చేస్తడు."

కల్హేర్ నుంచి హైదరాబాద్‌కు పోయే ఫోన్లలో ఈ మాట కొత్తదేం కాదు. ఫోన్ ఎత్తినవాడు కాదనడు. కాదంటే 'పట్నం పోయినంక మారిండు' అని ఊళ్లో మాటొస్తుంది. మనిషి బ్యాగుతో దిగుతాడు. ఇంటి నుంచి కట్టించుకొచ్చిన జొన్నరొట్టెలు, పల్లీల కారం అందరికీ పెడతాడు. మొదటి వారం సరదాగానే నడుస్తుంది. ఎగ్జామ్ అయిపోతుంది. 'ఇంకో నోటిఫికేషన్ పడేటట్టున్నది, ఉండి చదువుకుంట' అంటాడు. నెల తిరిగేసరికి తాళంచెవి ఒకటి అతని జేబులో ఉంటుంది. ఇంకో రెండు నెలలకు అతని దోస్తు కూడా ఆదివారాలు వచ్చి పడుకుంటాడు. ఏకు మేకై కూర్చున్నాక, పొమ్మని చెప్పే బాధ్యత ఎవరిదో గదిలో ఎవరికీ తెలియదు.

గదిని కిరాయికి తీసుకున్నవారికి అతన్ని పంపించే హక్కు ఉంది. చట్టం కూడా చాలావరకు వారి వైపే ఉంది. కానీ హక్కు ఉండటం వేరు, ఆ హక్కును చేతి బలంతో అమలు చేయడం వేరు. సంచి బయట పడేసి తాళం మార్చినవాడే చివరికి పోలీస్ స్టేషన్‌లో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఈ తగాదాల్లో గెలుపోటములను తేల్చేది బలం కాదు. ఎప్పుడు చెప్పాం, ఎలా చెప్పాం, దేని మీద రాసి చెప్పాం అన్నవే.

నాందేడ్ రోడ్డు పొడుగునా గదులే

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లో, కామారెడ్డి జిల్లా సరిహద్దున ఉంటుంది కల్హేర్ మండలం. 2016 అక్టోబర్ దాకా ఇది మెదక్ జిల్లా. ఈ ప్రాంతానికి వలస కొత్త కాదు. ఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి చెరకు నరకడానికి కుటుంబాలకు కుటుంబాలే కదిలిపోవడం ఏళ్లుగా ఉన్నదే. చదువుకున్న పిల్లల వలస ఇంకో దారి పట్టింది. డిగ్రీ దాకా ఖేడ్‌లో నెట్టుకొచ్చినా, ఆ తర్వాత నాందేడ్-అకోలా హైవే ఎక్కి సంగారెడ్డి మీదుగా పట్నం పోవాల్సిందే. కంపెనీ పనికి పోయేవాళ్లు పాశమైలారం, ఇస్నాపూర్, పటాన్‌చెరులో ఆగుతారు. కాస్త ముందుకు పోతే రామచంద్రాపురం, బీరంగూడ, లింగంపల్లి. సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట. సర్కారు కొలువుల కోసమైతే అశోక్‌నగర్.

అశోక్‌నగర్ గదుల్లో చుట్టాలు ఎందుకు పాతుకుపోతారో తెలియాలంటే గ్రూప్-1 కథ ఒక్కటి చాలు. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్ జరిగాయి. 'ఎగ్జామ్ అయ్యేదాక ఉంట' అని 2022లో అన్న కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ఆ ఎగ్జామే రెండేళ్లు పట్టింది. వచ్చినవాడిలో చెడుబుద్ధి లేకపోయినా ఉన్నవాళ్లకు భారం భారమే. కాబట్టి దొంగను తరిమే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

గోడకు వేలాడే నోట్‌బుక్

బ్యాచిలర్ రూంలో అసలైన రాజ్యాంగం వంటగది మేకుకు దారంతో కట్టిన నోట్‌బుక్. అందులో నెలకో పేజీ, పేజీకి అడ్డగీతలు. కిరాయి, కరెంటు, గ్యాస్, వాటర్ క్యాన్లు, నెట్, బియ్యం, కూరగాయలు. పైన నాలుగు పేర్లు. ఐదోవాడు వచ్చిన నెల ఖర్చు పెరుగుతుంది కానీ పేర్లు నాలుగే ఉంటాయి. 'పాపం, నిరుద్యోగి' అని ఊరుకుంటారు. మూడో నెల ఎవరో ఒకరు పెన్సిల్‌తో ఐదో గడి గీస్తారు. అందులో అప్పుడప్పుడు 500 పడుతుంది. ఎక్కువసార్లు 'తర్వాత' అని రాసి ఉంటుంది.

ఆ నోట్‌బుక్‌ను పారేయొద్దు. పంచాయితీ పెద్దల ముందైనా, వకీలు ముందైనా, కోర్టులోనైనా దానికి విలువ ఉంది. అతను ఏ తేదీ నుంచి ఉన్నాడు, ఏం కట్టాడు, ఏ హోదాలో కట్టాడు అన్నది అందులో కనిపిస్తుంది. వాటా ఇచ్చిన నెలల్లో 'సరుకుల వాటా' అని రాస్తే ఒక అర్థం, 'కిరాయి' అని రాస్తే ఇంకో అర్థం.

చట్టం కంటికి అతనెవరు?

పేరు లేని మనుషులందరినీ చట్టం ఒకే గాటన కట్టదు. మూడు రకాలుగా చూడాలి.

మొదటిరకం, డబ్బు ఇవ్వకుండా మన మాట మీద ఉంటున్నవాడు. చుట్టం, ఊరివాడు, దోస్తు. అతనికి ఉన్నది ఉండటానికి అనుమతి మాత్రమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఇలాంటి అనుమతినే లైసెన్స్ అంటుంది. ఇచ్చినవారు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. తీసుకున్నాక మూటాముల్లె సర్దుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలి.

రెండోరకం, మనకు వాటా ఇస్తూ ఉంటున్నవాడు. గదిలో ఓ మంచం, ఓ షెల్ఫ్ వాడుకుంటూ అందరితో కలిసి ఉంటే అతనూ ఎక్కువగా లైసెన్స్ కిందికే వస్తాడు. కానీ డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో ఒక గది పూర్తిగా అతనికే ఇచ్చి, లోపల తాళం అతనిదే అయి, నెలనెలా డబ్బు తీసుకుంటే మాత్రం 'నేను సబ్ టెనెంట్‌ను' అని వాదించే వీలు దొరుకుతుంది.

మూడోరకం, ఓనర్‌కే నేరుగా డబ్బు పంపేవాడు. 'ఈ నెల నా దగ్గర లేవు, నువ్వే ఓనర్‌కు ఫోన్‌పే కొట్టు' అని మనమే చెబుతాం. రెండు మూడు నెలలు అలా జరిగితే కాగితంలో పేరు లేకున్నా ఓనర్‌కూ అతనికీ మధ్య కిరాయి సంబంధం ఏర్పడిందని చెప్పుకోవడానికి ఆధారం తయారవుతుంది. ఇక అతన్ని ఖాళీ చేయించడం మన చేతిలో ఉండదు. ఓనరే నోటీసు ఇవ్వాలి. నెలవారీ కిరాయి అయితే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు అవసరం.

కిరాయిదారుకూ లైసెన్సుదారుకూ మధ్య గీత ఎక్కడ అన్నదానికి ఇప్పటికీ కోర్టులు 1959 నాటి ఓ తీర్పునే తిరగేస్తాయి. ఢిల్లీ ఇంపీరియల్ హోటల్‌లో క్షౌరశాల నడుపుకున్న ఆర్.ఎన్. కపూర్‌కూ, హోటల్ యాజమాన్యం అసోసియేటెడ్ హోటల్స్‌కూ నడిచిన కేసు అది. కాగితం మీద లైసెన్స్ అని ఉంది. జరిగిందేమిటో చూసి, అది కిరాయేనని మెజారిటీ తేల్చింది. ఆ తీర్పులో సూత్రాలను రాసింది మన రాజమండ్రిలో పుట్టి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. కాగితానికి పెట్టిన పేరు కన్నా ఇద్దరి ఉద్దేశం ముఖ్యమని, స్థలం పూర్తిగా అతని చేతిలోనే ఉంటే పైకి చూడ్డానికి కిరాయిదారుగానే లెక్కించాలని ఆయన అన్నారు. మన గదికి అన్వయిస్తే, రూమ్మేట్‌కు ఇచ్చింది గదిలో చోటా, గదేనా అన్నదే ప్రశ్న.

తోబుట్టువులే కోర్టుకెక్కితే

ఏళ్ల తరబడి ఉంటే హక్కు వచ్చేస్తుందన్న భయం చాలామందికి ఉంటుంది. గోవాకు చెందిన మరియా మార్గరీడా కేసు ఆ భయానికి జవాబు. ఆమె తన ఇంట్లో సోదరుణ్ని ఉండనిచ్చింది. తిరిగి ఇమ్మన్నప్పుడు అతను కోర్టుకెక్కాడు. కింది కోర్టులో అతనే గెలిచాడు, హైకోర్టులోనూ అంతే. చివరికి 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టేసింది. ఊరికే ఉంటున్నవారికి ఎన్నేళ్లున్నా ఆ ఆస్తిలో హక్కు పుట్టదని, చెల్లే కిరాయి ఒప్పందమో లైసెన్స్ ఒప్పందమో చూపలేనివారికి కోర్టు రక్షణ దొరకదని స్పష్టంగా చెప్పింది.

ఈ తీర్పు చదివి సంబరపడే ముందు ఒక్కటి గమనించాలి. హక్కు ఉన్న సోదరికే సుప్రీంకోర్టు దాకా పోతే గానీ ఇల్లు తేలలేదు. రెండు కోర్టుల్లో ఓడి మూడో కోర్టులో గెలవడం అంటే సంవత్సరాలు కరిగిపోవడమే. పదకొండు నెలల అగ్రిమెంట్ గదికి అంత ఓపిక ఎవరికుంటుంది?

పొమ్మనలేక పొగబెడితే

నోటితో చెప్పలేనివాళ్లు వేరే దారులు వెతుకుతారు. వైఫై పాస్‌వర్డ్ మారుస్తారు. అన్నం నలుగురికే వండుతారు. అతను స్నానానికి పోయే వేళకు మోటర్ ఆపుతారు. దీంతో మనిషి పోడు, మాటలు మాత్రం తెగిపోతాయి. ఆ తర్వాత కోపం పెరిగి చేసే పనులే అసలు ప్రమాదం.

తాళం మార్చొద్దు. గదిలో స్థిరపడి ఉంటున్న మనిషిని చట్టప్రకారం తప్ప బలవంతంగా బయటికి నెట్టడానికి వీల్లేదని కోర్టులు పదేపదే చెప్పాయి. అలా వెళ్లగొట్టబడ్డవారు ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి కోరడానికి 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ దారి చూపిస్తుంది. అందులో ఆస్తి ఎవరిదన్న వాదన పక్కకు పోతుంది. ఊరికే ఉన్నవాడికి ఆ సెక్షన్ అక్కరకొస్తుందా అన్నది వకీళ్లు వాదించుకుంటారు. ఆ వాదనకు ఖర్చు పెట్టేది మాత్రం తాళం మార్చినవాడే.

సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ దాచొద్దు. 'నా బాకీ కట్టి తీసుకపో' అనడం మన కళ్లకు న్యాయంగానే ఉంటుంది. కానీ డబ్బు వచ్చేదాకా ఇవ్వనని ఎదుటివాడి వస్తువును అతని అనుమతి లేకుండా తీసుకుని పెట్టుకుంటే అది దొంగతనం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. గ్రూప్-1కు చదువుకుంటున్నవాడి మీద ఎఫ్ఐఆర్ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పోలీసుల దగ్గరికి పోతే 'ఇది సివిల్ విషయం' అని పంపేస్తారని చాలామంది వాపోతారు. వాళ్లు చెప్పేది చాలాసార్లు సరైనదే. ఖాళీ చేయించే అధికారం వాళ్లది కాదు. అయితే కొట్టినా, బెదిరించినా, వస్తువులు ఎత్తుకెళ్లినా అది వాళ్ల పనే. మొదట అనుమతితోనే వచ్చినా, ఆ తర్వాత బెదిరించడానికో, అవమానించడానికో, వేధించడానికో పొమ్మన్నా పోకుండా మొండికేస్తే అది కూడా నేరపూరిత అక్రమ ప్రవేశం కావచ్చని 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ చెబుతోంది. ఊరికే ఉండిపోవడం సరిపోదు. ఆ ఉద్దేశం కనపడాలి.

వరుసగా ఏం చేయాలి?

ముందు గదిలోవాళ్లు ఒక మాట మీదికి రావాలి. నలుగురిలో ఒకడు 'ఉండనియ్ తియ్యి' అంటే మిగతా మెట్లన్నీ జారిపోతాయి. అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే మాట్లాడాలి. తేదీ పెట్టి చెప్పాలి. 'జర చూస్కో తమ్మీ' అంటే ఎవరూ చూసుకోరు. 'ఒకటో తారీఖు లోపల వేరే రూం చూస్కో, మేం గూడ ఎతుకుతం' అంటే అర్థమవుతుంది.

మాట్లాడిన రోజు రాత్రే అదే విషయం వాట్సాప్‌లో పెట్టాలి. తిట్లు వద్దు, పాత బాకీల చిట్టా వద్దు. నాలుగు వాక్యాలు చాలు. ఎప్పుడు వచ్చాడు, ఏ హోదాలో ఉన్నాడు, ఇక అనుమతి లేదు, ఏ తేదీలోపు ఖాళీ చేయాలి. పదిహేను రోజులు ఇస్తే తగినంత గడువు ఇవ్వలేదన్న మాట రాదు. ఆ తర్వాత అతని దగ్గర కిరాయి పేరుతో పైసా తీసుకోవద్దు. పొమ్మని చెప్పి డబ్బు తీసుకుంటే, ఉండమన్నట్టే లెక్క.

గడువు దాటితే వకీలు ద్వారా నోటీసు. అప్పటికీ కదలకపోతే ఖాళీ చేయాలని ఆదేశించమంటూ సివిల్ కోర్టులో తప్పనిసరి ఇంజంక్షన్ దావా. లైసెన్స్ రద్దయ్యాక ఆలస్యం చేయకుండా ఇలాంటి దావా వేయొచ్చని సంత్‌లాల్ జైన్ కేసులో 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యం చేయకుండా అన్నదే ఇక్కడ కీలకం. రెండేళ్లు మొహమాటపడి ఆ తర్వాత కోర్టుకు పోతే దారి పొడుగవుతుంది.

దావా ఎక్కడ వేయాలి? గది ఎక్కడుంటే అక్కడి కోర్టులో. మన ఊరు కల్హేర్ అయినంత మాత్రాన ఖేడ్ కోర్టులో వేస్తే చెల్లదు. అశోక్‌నగర్ గదికి హైదరాబాద్ పోవాల్సిందే. పటాన్‌చెరు, ఇస్నాపూర్, బీరంగూడలు మాత్రం సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి ఆ గదుల తగాదా సొంత జిల్లాలోనే తేల్చుకోవచ్చు.

కోర్టుకు ముందు ఇంకో గడప ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెడితే ఇద్దరినీ పిలిచి రాజీకి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు, తక్కువ ఆదాయం ఉన్నవారు ఉచితంగా వకీలు సాయం పొందొచ్చు. పాశమైలారంలో షిఫ్టు పని చేసే కుర్రాడికి ఈ సంగతి తెలిస్తే చాలా ఖర్చు తప్పుతుంది. ఫోన్‌లో అడగాలంటే 15100.

ఓనర్‌కు చెప్పాలా వద్దా?

చెప్పాలి. చెప్పడానికి భయం ఎందుకంటే, మామూలు కిరాయి అగ్రిమెంట్‌లో 'రెండో పార్టీ ఇంటిని ఇతరులకు ఇవ్వరాదు' అనే వాక్యం ఒకటి ఉంటుంది. మనం చదవకుండా సంతకం పెట్టిన వాక్యం అదే. ఐదోవాడి సంగతి ఓనర్‌కు వేరేవాళ్ల నోట తెలిస్తే అందరినీ కలిపి ఖాళీ చేయమంటాడు. పాత అద్దె నియంత్రణ చట్టం కూడా ఓనర్ రాతపూర్వక అనుమతి లేని సబ్ లెటింగ్‌ను ఖాళీ చేయించడానికి కారణంగా పేర్కొంది. అయితే కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటిన ఇళ్లకు ఆ చట్టం వర్తించదు కాబట్టి నేటి పట్నం గదులు దాదాపు అన్నీ ఆస్తి బదిలీ చట్టం కిందే నడుస్తాయి.

మనమే ముందు చెబితే ఓనర్ మన వైపు ఉంటాడు. ఆయన దగ్గరి నుంచి 'అగ్రిమెంట్‌లో ఉన్నవారు తప్ప ఇంకెవరూ ఉండరాదు' అని ఒక మెసేజ్ వచ్చినా మన నోటీసుకు బలం.

కొందరు ఇంకో పని చేస్తారు. విసిగిపోయి, తామే గది ఖాళీ చేసి వేరే చోటికి మారిపోతారు. అగ్రిమెంట్ గడువు ముగిసే నెలలో ఇది తెలివైన పనే. కానీ అతన్ని లోపలే వదిలేసి పోతే, గదిని ఓనర్‌కు అప్పగించినట్టు కాదు. అడ్వాన్స్ చిక్కుకుంటుంది, తర్వాతి కిరాయి కూడా మన మీదే పడొచ్చు. తాళంచెవులు ఓనర్ చేతిలో పెట్టి, ఆ తేదీతో ఒక రసీదు రాయించుకున్నాకే కదలాలి.

అమ్మాయిల గదుల్లో తగాదా ఇంకో తీరుగా వస్తుంది. రూమ్మేట్ అన్న అనో, బావ అనో ఒకతను రాత్రిళ్లు ఉండిపోవడం మొదలవుతుంది. ఇక్కడ పదిహేను రోజుల మర్యాద అక్కర్లేదు. అసౌకర్యం అనిపించిన రోజే చెప్పాలి, ఓనర్‌కు తెలపాలి. బెదిరింపు, వెంటపడటం లాంటివి ఉంటే 2014 నుంచి పనిచేస్తున్న షీ టీమ్స్‌కు గానీ, 112కు గానీ ఫోన్ చేయాలి.

దుబాయ్‌లో, న్యూయార్క్‌లో

కల్హేర్ పక్కనున్న కామారెడ్డి, నిజామాబాద్ వైపు ఊళ్లకు గల్ఫ్ కొత్త కాదు. దుబాయ్‌లో మనవాళ్లు బెడ్‌స్పేస్ లెక్కన ఉంటారు. అక్కడి భూమి శాఖ 2022 సెప్టెంబర్‌లో, ఇంట్లో ఉంటున్న అందరి వివరాలూ దుబాయ్ రెస్ట్ యాప్‌లో నమోదు చేయాలని చెప్పింది. పేరు లేని మనిషి అన్న మాటే లేకుండా చేయాలన్నది ఆ పద్ధతి. న్యూయార్క్ నగరంలో లెక్క వేరే. అక్కడ ఒక ఇంట్లో వరుసగా 30 రోజులు ఉన్న మనిషిని, కాగితంలో పేరున్నా లేకున్నా, కోర్టు ఆర్డర్ లేకుండా వెళ్లగొట్టడం నేరం. ఎమ్మెస్ చదవడానికి పోయిన మన పిల్లలు 'గదులు దొరికేదాక' అని సీనియర్ ఫ్లాట్‌లో దిగినప్పుడు ఇరవై తొమ్మిదో రోజుకు ఎంత విలువో ఆ సీనియర్‌కు తెలిసి ఉండాలి.

మన దగ్గర అలాంటి రోజుల లెక్క లేదు. అందుకే ఆ లెక్క మనమే పెట్టుకోవాలి.

కొత్త మనిషి దిగిన రోజే

• ఎప్పటిదాకా ఉంటాడో తేదీ అడిగి, ఆ మాట వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

• రెండు వారాలు దాటితే వాటా ఎంతో ముందే తేల్చండి. తీసుకునే డబ్బు దేనికో రాయండి.

• వాటా డబ్బు అగ్రిమెంట్ ఉన్నవారికే రావాలి. ఓనర్‌కు నేరుగా పంపించొద్దు.

• నెల దాటేటట్టుంటే ఓనర్‌కు చెప్పి, అగ్రిమెంట్‌లో పేరు చేర్పించండి. లేదంటే అప్పుడే కాదని చెప్పండి.

• మన గది అడ్రస్‌తో ఆధార్ మార్చుకుంటానంటే ఆలోచించండి. దానితో గది మీద హక్కు రాదు. ఇక్కడే ఉంటున్నానని చూపించుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఫోన్ చేసేవాళ్లకూ ఒక మాట

ఇంతసేపూ గదిలోవాళ్లు ఏం చేయాలో చెప్పుకున్నాం. కానీ ఈ కథలో ఐదోవాణ్ని గదిలోకి పంపింది ఆ నలుగురూ కాదు. కల్హేర్‌లో ఉన్న కాకో, పెదనాయనో, ఓ దోస్తు తండ్రో చేసిన ఒక్క ఫోన్. అవతల కాదనలేనితనం పుట్టించింది కూడా ఆ ఫోనే. పొమ్మంటే ఊళ్లో చెడ్డపేరు వస్తుందన్న భయంతోనే ఆ పిల్లలు నెలల తరబడి నోరు మూసుకుంటారు.

కాబట్టి పిల్లవాణ్ని పట్నం పంపే పెద్దలు ఫోన్‌లో ఇంకో రెండు మాటలు అడగడం నేర్చుకోవాలి. గది ఎవరి పేరు మీద ఉంది? మావోడు నెలకు ఎంత ఇయ్యాలె? వాటా కట్టే స్తోమత లేకపోతే ఎన్ని రోజులకు వెనక్కి రావాలో ఇంట్లోనే చెప్పి పంపాలి. గడువు దాటితే, 'వాడిని పొమ్మనడానికి మీకు మొహమాటమైతే నాకు చెప్పుండ్రి, నేను పిలిపించుకుంట' అనే భరోసా ఇవ్వాలి. అక్కడ తగాదా ముదిరి ఇద్దరు ఊరివాళ్లు కోర్టు మెట్లెక్కితే, పండగకు ఇక్కడ రెండు ఇళ్లూ మొహాలు తిప్పుకోవాల్సి వస్తుంది. వకీలు నోటీసు కన్నా ముందు పనిచేసేది ఊరి నుంచి వచ్చే రెండో ఫోనే. మొదటి ఫోన్ చేసినవాళ్లే దాన్నీ చేయాలి.